ముందు బల్బు, తర్వాతే తొట్టి

బాతుపిల్లను కొనగానే నీళ్ల టబ్బులో వదలడం మనకు సరదా, దాని ప్రాణానికి గండం. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల పెరట్లో తొలిసారి బాతుల్ని పెంచేవారు మొదట కొనాల్సింది తొట్టి కాదు, బల్బు. మొదటి వారం పిల్లకు సుమారు 32 డిగ్రీల వేడి కావాలి. చెరువుగట్టున పుట్టిన పిల్ల వెంటనే ఈదుతుంది కదా అంటారు. ఈదుతుంది, ఆ వెంటనే తల్లి రెక్కల కింద దూరి వెచ్చబడుతుంది. ఇంక్యుబేటర్ పిల్లకు ఆ రెక్కేదీ? దానికి ముక్కురంధ్రాలు కడుక్కునేంత లోతు గిన్నె చాలు. మే ఎండలో బల్బెందుకన్నది సబబైన ప్రశ్నే, పగలు ఆపేయాలి. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి.

మేత దగ్గర పొదుపు ఇంకా ప్రమాదం. 1960లో ఇంగ్లండ్‌లో టర్కీ కోళ్లు వేలకు వేలు చచ్చిపోతే, కారణం వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషమని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే ఆ విషానికి బాతుపిల్లలు ఎంత సున్నితమంటే, దాన్ని పసిగట్టే పరీక్షలకు వాటినే వాడారు. వానాకాలం ముక్కిన తవుడు చవకైనా వద్దు. కోడిపిల్లల మేతే పెడితే, అందులోని నియాసిన్ అనే విటమిన్ బాతుపిల్లలకు చాలక కాళ్లు వంకరపోతాయి. కాస్త ఈస్ట్ కలపాలి. కొల్లేరు బాతులకు ఈస్ట్ ఎవరు పెట్టారంటారా? అవి పొలాల్లో నత్తలూ పురుగులూ ఏరుకుంటాయి. సిమెంటు పెరట్లో నత్తలేవి? గూస్ పిల్లలకైతే మందు చల్లని లేతగడ్డి కూడా కావాలి.