బద్ధకమను నింద

ఇల్లాలికి వచ్చు నిందలలో బద్ధకమను నిందకు సాక్ష్య మక్కరలేదు. ముగ్గు వేయుట ఆలస్యమైనను చాలును, పగలొక గడియ నడుము వాల్చినను చాలును, తీర్పు వెలువడును. నేనా నిందను రెండేండ్లు మోసితిని. అటుపిమ్మట, చెప్పుటకు సిగ్గగుచున్నది, దానినే మఱియొకరిమీద మోపితిని. ఈ రెండు సంగతులును మీతో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను వైద్యురాలను గాను, ఒక బడిపంతులుగారి భార్యను. నా చదువంతయు మా తాతగారి యరుగుమీద జరిగినది. భారత భాగవతములును, కొన్ని ప్రబంధములును ఆయన యొద్ద చదువుకొంటిని. ఇందలి వైద్యవిషయములు మా డాక్టరుగారు చెప్పగా వినినవియు, నేను చదివి తెలిసికొనినవియు, నా శరీరము నాకు నేర్పినవియు మాత్రమే.

మా యూరు గోదావరి పాయ యొడ్డున నున్నది. 2018వ సంవత్సరమున నాకు ఇరువది తొమ్మిదేండ్లు. ఆ యేడు నాకేదో యైనది. ఎనిమిది గంటలు నిద్రించి లేచినను, రాత్రి యంతయు వడ్లు దంచినదానివలె నొడలు బరువుగా నుండెడిది. వైశాఖమాసపు టెండలలో ఇంటిల్లిపాదియు పంకా క్రింద కూర్చుండి యుస్సురనుచుండగా నేను దుప్పటి కప్పుకొనెడిదానను. తల దువ్వినప్పుడెల్ల దువ్వెననిండ వెండ్రుకలు. తిండి తగ్గించినను బరువు పెరిగెను. చర్మము పొడిబాఱెను. మలబద్ధకము పట్టుకొనెను. నెలసరి దినములు మితిమీరి బాధించెను. ఇవి వేఱువేఱు బాధలనుకొంటిని గాని, ఒక్క చెట్టు కొమ్మలని తెలియదయ్యెను.

అన్నిటికంటె నన్ను భయపెట్టినది మఱపు. గజేంద్రమోక్షమునందలి పద్యములు నాకు తొమ్మిదవ యేటనే కంఠస్థములు. వానిని అంట్లు తోముచు చదువుకొనుట నా కలవాటు. ఒకనాడు నడుమ నొక పద్యము రాలేదు. కొన్ని దినములకు దాని ప్రక్కదియు పోయినది. గిన్నె చేతిలోనే పట్టుకొని నూతిగట్టున నట్లే కూర్చుండిపోతిని.

మా అత్తగారు చెడ్డవారు కారు. నలువది యేండ్లు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి సంసారము నడిపిన మనిషి. ఆమె నన్ను ఎదుట నేమియు ననలేదు. పెరటిలో ప్రక్కింటివారితో, "మా అమ్మాయికి ఒళ్లు వంగదు" అనగా వింటిని. ఆ మాట విని నాకు కోపము రాలేదు. నిజమే ననుకొంటిని. నిద్రయు, జడత్వమును తమోగుణ లక్షణములని చిన్ననాటనే చదివినదానను. కావున లోపము నా నడవడిలోనే యున్నదని నిశ్చయించి, ఉపవాసములు హెచ్చించితిని, చన్నీటి స్నానములు చేసితిని, గడియారము పెట్టుకొని నాలుగింటికి లేచితిని. శరీరము మఱింత కుంగెను. దోషమైనచో దిద్దుకొన్నకొలది తగ్గవలెను గదా! అది తగ్గలేదు.

చివరకు, 2020లో, రక్తహీనతయేమో యని మావారు పట్టణములోని యొక డాక్టరుగారి యొద్దకు తీసికొనిపోయిరి. ఆమె నా బొంగురు గొంతు విని, కనురెప్పల వాపు చూచి, రక్తపరీక్ష వ్రాసిరి. టి.ఎస్.హెచ్. అను నంకె 48 వచ్చెను. అది సాధారణముగా నాలుగైదు లోపల నుండవలెనట. అంకె పెద్దదిగా నున్నది గనుక గ్రంథి యెక్కువగా పనిచేయుచున్నదని నేననుకొంటిని. ఇంటికి వచ్చుచు మావారు దానిని తమ భాషలో విప్పి చెప్పిరి. "తరగతిలో పిల్లవాడు పలుకకున్నకొలది పంతులు గొంతు పెంచును గదా! ఆ పంతులు మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి. ఆయన కేకయే టి.ఎస్.హెచ్. పలుకని పిల్లవాడు నీ కంఠములోని థైరాయిడు గ్రంథి. కేక పెద్దదైనదనగా పిల్లవాడు పలుకుట లేదన్నమాట."

సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు కంఠము ముందుభాగమున నుండు నీ చిన్న గ్రంథి చేయు రసము, శరీరములోని ప్రతి యవయవమును ఎంత వేగముగా పనిచేయవలయునో నిర్ణయించును. అది తఱిగినచో గుండె, ప్రేగులు, చర్మము, జ్ఞాపకము అన్నియు మందగించును. నాకు వచ్చినది, 1912లో హషిమోటో యను జపాను వైద్యుడు వర్ణించిన రకము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, స్వంత గ్రంథిని పరాయిదనుకొని దెబ్బతీయునట. నాకు రోగమున్నదని విని నేను సంతోషించితిననినచో మీరు నవ్వుదురు. కాని నిజముగా సంతోషించితిని.

ఇరుగుపొరుగువారు "ఉప్పు మార్చుము, తగ్గిపోవును" అనిరి. ఉప్పు సంగతి వేఱు. అయొడిను లోపమువలన వచ్చు గొంతువాపును అయొడిను ఉప్పు నివారించును. దీనిని మన దేశమున హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో పరీక్షించి చూపినవారిలో ముఖ్యులు మన శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. 1950ల నడుమ ప్రారంభించిన ఆ పరీక్షలో కొన్ని భాగములకు అయొడిను ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును ఇచ్చి, కొన్ని యేండ్ల పిమ్మట పోల్చి చూచిరి. అయొడిను ఉప్పు తినినచోట పిల్లల గొంతువాపులు తగ్గెను. 1962లో దేశమున గొంతువాపు నివారణ కార్యక్రమము ఆరంభమయ్యెను. కావున అయొడిను ఉప్పునే వాడుడు, డబ్బాకు మూత పెట్టుడు. కాని నా వంటి రోగమునకు అధికముగా ఉప్పు తినుట మందు కాదు. మితిమీరిన అయొడిను కీడును చేయవచ్చును.

నాకు మందు లీవోథైరాక్సిన్ అను చిన్న మాత్ర. గ్రంథి చేయలేకపోయిన రసమునే బయటనుండి యిచ్చుట. దీని చరిత్ర చదివి నేను చేతులు జోడించితిని. 1891లో ఇంగ్లండు దేశపు న్యూకాసిలు పట్టణమున మర్రే యను వైద్యుడు, నలువది యాఱేండ్ల యొక స్త్రీకి గొఱ్ఱెల థైరాయిడు గ్రంథులనుండి తీసిన రసము నెక్కించెను. ఆమె కోలుకొని 1919వఱకు జీవించెను. ఆ యిరువది యెనిమిదేండ్లకును 870కి మించిన గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చెను. 1914 డిసెంబరు 25న అమెరికాలో కెండాలు థైరాక్సినును స్ఫటికరూపమున వేఱుచేసెను. 1927లో హారింగ్టనును బార్జరును దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. నేడది నూరు మాత్రల సీసాగా మన యలమరలో నున్నది.

మాత్ర చిన్నదే కాని నియమము పెద్దది. మొదటి మూడు నెలలు నా అంకె సరిగా దిగలేదు. డాక్టరుగారు మోతాదు పెంచకముందు, "ఎట్లు వేసికొనుచున్నావమ్మా?" అని యడిగిరి. కాఫీతో వేసికొని, వెంటనే ఇనుపధాతువు మాత్రయు మింగుచున్నానని చెప్పితిని. ఆమె తల పట్టుకొనిరి. ఇది పరగడుపున మంచినీళ్లతోనే పుచ్చుకొనవలెను. అటుపిమ్మట అర్ధగంటనుండి గంటవఱకు కాఫీయైనను, పాలైనను, ఫలహారమైనను కూడదు. ఇనుము, కాల్షియము మాత్రలకు దీనికిని నాలుగు గంటల యెడముండవలెను. మోతాదు మార్చిన పిమ్మట ఆఱు మొదలు ఎనిమిది వారములు గడువనిదే పరీక్ష వలన సరియైన ఫలము తెలియదు. సీసాను పొయ్యి ప్రక్కను, ఎండలోను పెట్టరాదు. క్యాబేజీ ముట్టరాదని యెవరో యనగా రెండేండ్లు దానిని మానితిని. ఉడికించి మితముగా తినుటవలన భయము లేదని తరువాత తెలిసినది.

రెండవ తప్పు దీనికంటె పెద్దది. ఏడాది గడచునప్పటికి ఒడలు తేలికపడెను, పద్యములు తిరిగివచ్చెను. "బాగైనది గదా, జీవితాంత మేల?" అని మాత్ర మానివేసితిని. మానిన మరునాడేమియు కాలేదు, పదిదినములకును కాలేదు. ఈ మందు ఒడలిలో సగమగుటకే వారము దినములు పట్టునట. కావున మానినవారిని ఇది మొదట మోసగించును. రెండు నెలలకు మరల దుప్పటి చేతికి వచ్చినది. రోగము పోలేదనియు, మాత్ర దానిని మోయుచున్నదనియు అప్పుడు గ్రహించితిని.

ఇక చెప్పవలసిన కఠినమైన మాట. 2022లో మా అత్తగారికి అఱువదియెనిమిదేండ్లు. నాలుగింటికి లేచెడి మనిషి ఆఱింటికిని లేవకుండిరి. పూజలో కూర్చున్నచోటనే కునికిరి. పాలు పొంగి పొయ్యి ఆఱిపోయినను గమనింపరైరి. గొంతు బొంగురుపోయెను. ముసలితనమని యందఱును అనుకొనిరి. నేనుమాత్రము అద్దములో నొకప్పుడు చూచిన ముఖమునే ఆమెయందు చూచితిని. ఆ రెప్పల వాపు నాకు తెలియును. తెలిసియు నోరు మెదపలేదు. "ఇప్పుడు ఎవరికి ఒళ్లు వంగుట లేదో!" యని లోలోపల ననుకొంటిని. ఆ మాటలో నాకు కొంత తృప్తియు కలిగినది. ఈ తీరున ఇంచుమించు ఏడాది గడచెను.

2023 కార్తికమాసమున ఒక సాయంకాలము ఆమె తులసికోట యొద్ద దీపము పెట్టి, విష్ణుసహస్రనామము మొదలుపెట్టి, నడుమ ఆగిపోయిరి. తరువాతి నామము రాలేదు. ఆమె నావైపు తిరిగి చూచిన చూపు, నూతిగట్టున గిన్నె పట్టుకొని కూర్చున్న నా చూపే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడే మావారితో చెప్పి పట్టణమునకు తీసికొనిపోతిమి. ఆమె అంకె 31.

వయసు మీఱినవారికి మొదటనే పెద్ద మోతాదు ఇచ్చినచో గుండెకు ఒక్కసారిగా శ్రమ కలుగునని డాక్టరుగారు గుండెపరీక్ష చేయించి 25 మైక్రోగ్రాములతో ప్రారంభించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. నా మోతాదు నూరు. "ఇంటిలో సీసా ఉన్నది గదా" యని నాదానిని ఆమెకు ఇచ్చియున్నచో ఏమగునో తలచుకొనుటకే భయమగుచున్నది. ఎవరి మోతాదు వారిది.

ఆమెకు కష్టమైనది మాత్ర కాదు, కాఫీ కొఱకు వేచియుండుట. ప్రతి ప్రాతఃకాలమును ఇద్దఱమును వంటింటి గడప దగ్గఱ నీళ్లగ్లాసులు పెట్టుకొని గడియారమును చూచుచు కూర్చుండెడివారము. మూడు నెలలైన పిమ్మట ఒకనాడు ఆమె అడిగిరి.

"అమ్మాయీ, నీకును అప్పుడు ఇట్లాగే ఉండేదా?"

"అవునండీ, అత్తయ్యగారూ."

"మఱి చెప్పలేదేమమ్మా?"

"నాకే తెలియలేదండీ. బద్ధకమే ననుకొన్నాను."

ఆమె మాటాడలేదు. నేనక్కడితో నూరకున్నను పోయెడిది. కాని నా మనస్సు ఒప్పుకొనలేదు. "మీకు వచ్చినది మాత్రము నాకు తెలిసెనండీ. ఏడాదినుండి చూచుచునే యున్నాను. చెప్పలేదు" అంటిని.

ఆమె నావంక చాలసేపు చూచిరి. కోపమో, క్షమయో నేడును చెప్పలేను. "సరేలే, గంటైనట్లున్నది. డికాక్షను దింపు" అనిరి. నాటినుండి నాకంటె ముందు లేచిన దినమున నా గ్లాసుకూడ నింపి పెట్టుచున్నారు.

సోదరీమణులారా, అలసటయెల్ల థైరాయిడు కాదు. రక్తహీనతయు, మధుమేహమును, దిగులును ఇట్లే నటింపవచ్చును. అది తేల్చునది రక్తపరీక్షయే. ఈ రోగమున్నవారు గర్భవతులైనచో, పెద్దలెవరో మందులు కూడవనిరని మాత్ర మానవలదు. వెంటనే డాక్టరుతో చెప్పుడు. తొలి నెలలలో శిశువు తల్లి రసముమీదనే యాధారపడును గనుక తఱచుగా మోతాదు పెంచవలసివచ్చును. మీ యింట మునుపు చుఱుకుగా నుండిన కోడలో, కూతురో, అత్తగారో ఏ కారణమును లేక మందగించినచో, ఆమెను బద్ధకస్థురాలనుటకు ముందు ఒక్కసారి పరీక్ష చేయింపుడు. చిహ్నములు తెలిసియుండి మౌనము వహించిన నావలె మాత్రము చేయకుడు.