ఆరున్నర కిలోల భుజకీర్తి

పెళ్లి ఫోటోగ్రాఫర్ కనిపిస్తే కెమెరా ఏ కంపెనీదని అడుగుతారు. లెన్సు ఖరీదెంతని ఆరా తీసేవాళ్లూ ఉంటారు. అవన్నీ మోసే సంచీ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. బిలాస్‌పూర్‌లో పన్నెండేళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్న ఓ తెలుగు మహిళకూ మొన్నటి మాఘమాసం దాకా అది ఆలోచించాల్సిన విషయంగా తోచలేదు. కుడి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయిన రోజున ఆలోచించక తప్పలేదు.

డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముకకేం కాలేదన్నారు. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరం బిగుసుకుపోయిందని, ఒకే భుజాన బరువు మోయడం మానేయమని చెప్పారు. చెప్పడం తేలికే. ఆ ఇంట్లో తండ్రి పెన్షను, ఆమె కెమెరా, ఈ రెండింటి మీదే కొడుకు చదువు నడుస్తోంది. ముందున్నది ముహూర్తాల కాలం. అడ్వాన్సులు తీసుకున్న పెళ్లిళ్లే ఏడున్నాయి.

ఇంటి పక్క కిరాణా కొట్టు కాటా మీద ఆమె తన సరంజామా అంతా తూచింది. నికాన్ డి750 బ్యాటరీతో కలిపి 840 గ్రాములు. రెండో కెమెరా డి7200, 765 గ్రాములు. 24-70 లెన్సు 900. దూరం నుంచి తీసే 70-200 ఒక్కటే 1,540. ఫ్లాష్, దాని బ్యాటరీలు దాదాపు అర కిలో. చార్జర్, కార్డులు, గుడ్డలు, మంచినీళ్ల సీసా సరేసరి. వీటన్నిటినీ పెట్టుకునే సంచీ, ఏమీ లేకుండానే కిలోన్నర తూగింది. మొత్తం ఆరున్నర కిలోలు. వధువును గదిలో ముస్తాబు చేయడం మొదలుకొని అప్పగింతల దాకా పది పన్నెండు గంటలపాటు భుజం నుంచి దిగని బరువది. దించితే కాపలా ఎవరు? పెళ్లివారింట్లో కుర్చీ మీద పెట్టిన సంచీ తిరిగి వచ్చేసరికి అక్కడే ఉంటుందన్న హామీ లేదు. లెన్సు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఫోటోలున్న కార్డు పోతే ఆ పెళ్లిని మళ్లీ చేయించలేరు.

ఒక భుజానికి తగిలించుకున్న సంచీ ఎందుకు బాధిస్తుందో చూస్తే కారణం బరువు ఒక్కటే కాదు. పట్టీ జారిపోకుండా మనిషి తనకు తెలియకుండానే ఆ భుజాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటాడు. గంటల తరబడి ఆ కండరానికి విశ్రాంతి ఉండదు. అదే పట్టీని తల మీదుగా ఒంటికి అడ్డంగా వేసుకుంటే జారే భయముండదు కనుక భుజం కిందికి దిగుతుంది. బరువు ఒక గ్రాము కూడా తగ్గదు, నొప్పి మాత్రం తగ్గుతుంది. వీపున రెండు పట్టీలతో వేసుకునే బ్యాక్‌ప్యాక్ ఇంకా మేలు. అచానక్‌మార్ అడవికో, కోప్రా జలాశయం దగ్గర పక్షుల కోసమో వెళ్లేవాళ్లకు అదే సరైంది. కానీ పెళ్లి పందిరి అడవి కాదు. లెన్సు మార్చాలంటే దాన్ని దించాలి, కింద పెట్టాలి, వంగాలి. ఈలోగా జీలకర్ర బెల్లం అయిపోతుంది. పైగా ఇరుకు మండపంలో వెనక్కి తిరిగినప్పుడల్లా వీపున ఉన్న మూట ఏ మేనత్త ముఖానికో తగులుతుంది. ఫోటోగ్రాఫర్లు భుజం సంచీని వదలకపోవడానికి మొండితనం కారణం కాదు.

నిజానికి ఈ సంచీలకు ఫోటోగ్రఫీతో పుట్టు సంబంధం లేదు. ఇంగ్లండులోని బిల్లింగ్‌హామ్ సంస్థ 1973లో మొదలైంది చేపలు పట్టేవాళ్ల కోసం. వాటిని న్యూయార్క్ ఫోటోగ్రాఫర్లు కెమెరాలకు వాడుకుంటున్నారని తెలిశాక ఆ సంస్థ అటు మళ్లింది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్ పత్రిక ఫోటోగ్రాఫర్ జిమ్ డోమ్కీ 1970ల నడుమ తన అవసరానికి ఓ కాన్వాస్ సంచీ రూపొందించుకున్నారు. గట్టి పెట్టెల్లాంటి బ్యాగులు ఆయనకు పడలేదు. మెత్తగా ఒంటికి అతుక్కునే గుడ్డ, అవసరమైన చోట మాత్రమే దిండు, పైనుంచి చెయ్యి పెట్టగానే అందే అరలు. యాభై ఏళ్లయినా ఆ నమూనాలో మార్చాల్సింది పెద్దగా కనిపించదు. తర్వాత వచ్చిన చాలా బ్యాగులు దానికి జిప్పులు, ఉచ్చులు, పొరలు చేర్చి బరువు పెంచాయంతే.

ఆమె మొదట దుకాణానికే వెళ్లింది. బిలాస్‌పూర్‌లో దొరికినవి చూసి, రాయ్‌పూర్ వెళ్లి మరికొన్ని చూసింది. తన సామానంతా వెంట తీసుకెళ్లి, ప్రతి సంచీలోనూ నింపి, దుకాణం ముందు పావుగంట నడిచింది. ఖాళీ సంచీ తగిలించుకుని అద్దంలో చూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. సేల్స్‌మన్‌కు ఈ నడక నచ్చలేదు గానీ అసలు విషయం అక్కడే బయటపడింది. ఒకదాని మూల గట్టిగా ఉండి తుంటి ఎముకకు గుచ్చుకుంది. ఇంకొకదాని మూత ఒంటివైపు తెరుచుకుంటుంది, లోపలేముందో కనపడదు. మరొకదాని మూతకున్న అతుకు పట్టీ లాగితే గుడ్డ చిరిగినట్టు చప్పుడు. పురోహితుడు మంత్రం ఆపి చూస్తాడు. అన్నిటికీ ఉమ్మడి లోపం నైలాన్ పట్టీ. పట్టు చీర మీద అది నిలవదు, జారుతుంది, పోగులు లాగుతుంది. వీటిని రూపొందించినవాళ్ల ఊహలో చీర కట్టిన ఫోటోగ్రాఫర్ ఎప్పుడూ వచ్చి ఉండదు. బాగున్నదాని ధరేమో పదిహేను వేలు దాటింది.

ఇక్కడ తండ్రి రంగప్రవేశం చేశారు. ఆయన రైల్వేలో గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. అటు వాల్తేరు వైపు కూడా అదే కంపెనీ కావడంతో ఉత్తరాంధ్ర మనుషులు ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా ఈ ఊళ్లకు చేరారు. శ్రీకాకుళం నుంచి ఆయన తండ్రీ అలా వచ్చినవాడే. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ ముఖ్య కేంద్రమయ్యేనాటికి ఆ కుటుంబం మూడో తరంలో ఉంది. ఇంట్లో ఇప్పటికీ సిక్కోలు యాసే, మధ్యమధ్య హిందీ.

"అందులో ఏటుందమ్మా, అంత బరువు?" అన్నారాయన, పాత సంచీ ఎత్తి చూసి.

గార్డు లైన్‌బాక్స్ మోసినవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. ఇనప పెట్టె, అందులో ఎర్ర, పచ్చ జెండాలు, లాంతరు, రూల్‌బుక్కు, ప్రథమ చికిత్స డబ్బా, హిందీవాళ్లు పటాకా అనే పేలుడు సిగ్నళ్లు. దాన్ని రైలెక్కించడానికి ప్రత్యేకంగా పోర్టర్లు ఉండేవారు. ఆ పెట్టెల బదులు ట్రాలీ బ్యాగులు ఇవ్వాలని రైల్వే నిర్ణయించినప్పుడు గార్డులు అడ్డుపడ్డారు. చక్రాలున్న సంచీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బాగానే దొర్లుతుంది, యార్డులో కంకర మీద ఎవరు ఈడుస్తారని వాళ్ల అభ్యంతరం. 2022లో గార్డుల హోదా పేరు ట్రైన్ మేనేజర్‌గా మారింది గానీ కంకర మారలేదు.

ఆయన చెప్పింది పెట్టె బరువు గురించి కాదు, సర్దుడు గురించి. బండికి ప్రమాదం జరిగి పక్క పట్టా మూసుకుపోతే గార్డు వెనక్కి పరుగెత్తాలి. బ్రాడ్‌గేజ్ మీద 600 మీటర్ల దగ్గర ఒక పటాకా, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పట్టాకు బిగించాలి. అర్ధరాత్రి, వానలో, చేతులు వణుకుతుండగా పెట్టెలో వెతుక్కుంటూ కూర్చుంటే ఎదురుగా వచ్చే బండి ఆగదు. అందుకే పటాకాల డబ్బా ఏ మూల పెట్టాలో ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది నిర్ణయించుకున్నారు, రిటైరయ్యేదాకా మార్చలేదు. "సీకట్లో సెయ్యెడితే తగలాల. సూసి తీసుకునేదైతే అది సర్దినట్టు కాదు" అన్నారు.

బుధ్వారీ బజార్‌లో బడి సంచీలు, స్కూటర్ సీటు కవర్లు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నాడు. ఆమె తీసుకెళ్లిన నమూనా పాత సిమెంటు కాగితం మీద గీసిన బొమ్మ. బయట మైనం పట్టించిన దళసరి కాన్వాస్, రంగు మట్టిరంగు. రైల్లో తలకింద పెట్టుకుంటే కెమెరా సంచీ అని ఎవరికీ అనుమానం రాకూడదు. లోపల పాత సంచీ నుంచి ఊడదీసిన దిండు అరలే. మూత బయటివైపు తెరుచుకుంటుంది, ఇత్తడి కొక్కెం, చప్పుడుండదు. మూత రెండు పక్కలా వాన చినుకు దూరకుండా చెవుల్లాంటి మడతలు. పట్టీకి ఆయన చూపించిన నైలాన్ బెల్టు వద్దని ఆమె నవారు అడిగింది. మంచానికి అల్లే నూలు నవారే, రెండంగుళాల వెడల్పు. నూలు పట్టు మీద జారదు, చెమటకు కొయ్యదు. భుజం మీద ఆనేచోట లోపల ఉన్ని దుప్పటి ముక్క పెట్టి కుట్టించింది. పట్టీ పొడవు సంచీ సరిగ్గా తుంటి ఎముక పైన ఆనేలా. అంతకన్నా దిగితే నడిచేటప్పుడు తొడకు కొట్టుకుంటుంది, ఊగే బరువు ఆనుకున్న బరువుకన్నా ఎక్కువ లాగుతుంది. రెండుసార్లు విప్పి కుట్టాక కుదిరింది. ఖాళీ సంచీ ఏడు వందల గ్రాములకు లోపే.

ఆ మిగిలిన ఎనిమిది వందల గ్రాములతో భుజం బాగుపడుతుందనుకుంటే భ్రమ. నాలుగు కిలోలు దాటాక ఎంత మంచి సంచీ అయినా ఒక భుజానికి శత్రువే. తీసేయాల్సింది లోపలిదాన్ని. అన్నిటికన్నా బరువైనది 70-200. కానీ పన్నెండేళ్ల ఆమె పేరు నిలబడింది దాని మీదే. పందిరి బయట నిలబడి, ఎవరికీ అడ్డురాకుండా, తాళి కడుతున్నప్పుడు తల్లి కళ్లను పట్టుకున్న ఫోటోలు ఆ లెన్సువే. దాని బదులు 350 గ్రాముల 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుంటే కిలో పైన తగ్గుతుంది. అయితే దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్తే మనుషులకు కెమెరా ఉందని తెలుస్తుంది, ముఖాలు సర్దుకుంటాయి. వారం రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి తేల్చింది భుజమే.

మొదటి పెళ్లి తోర్వాలో. 70-200 ఇంట్లోనే ఉండిపోయింది. వాడేసిన కార్డులకు మూత కింద బొత్తాం ఉన్న చిన్న అర, ఎడమ చెయ్యి పెడితే తగిలే మూల. కొత్త కార్డులు కుడివైపు. తాళి వేళకు ఆమె పెళ్లికూతురి అక్కచెల్లెళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మగ ఫోటోగ్రాఫర్‌కు దక్కని చోటది. తల్లి ఆమెను చూసింది, ఒక క్షణం బిగుసుకుంది, మళ్లీ కూతురివైపు తిరిగింది. ఆ ఫోటో మునుపటివాటిలా లేదు. బాగాలేదని కూడా అనలేం. పెళ్లివారు ఆల్బంలో దాన్నే పెద్దది చేయించమన్నారు.

ఏడు పెళ్లిళ్లూ అయ్యాయి. నొప్పి పూర్తిగా పోలేదు, జడ మాత్రం వేసుకోగలుగుతోంది. కాన్వాస్‌కు ఒక ఇబ్బంది ఉంది. కోర్బా బొగ్గు వ్యాగన్లు రాత్రింబవళ్లు తిరిగే ఊళ్లో దుమ్ము గుడ్డ నేతలోకి దిగుతుంది. వారానికోసారి సంచీ ఖాళీ చేసి, తిరగేసి దులపాల్సిందే. వానాకాలం వస్తే తడి సంచీలో లెన్సు వదిలితే అద్దానికి బూజు పడుతుంది కాబట్టి ఇంటికి రాగానే సామాను బయటికి తీసి ఆరబెడుతుంది. 70-200ను అమ్మేయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది ఇప్పటికి బీరువాలో, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంది. పొట్లాల గులకలు నీలం పోయి గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా తండ్రి వాటిని వేడి చేసి, ఆరబెట్టి, మళ్లీ అదే మూల పెడుతున్నారు.