ఆఖరి తనిఖీ

2025 మార్చి 9, ఆదివారం, హార్ట్‌ఫర్డ్

మధ్యాహ్నం బావ కొత్త రివాల్వర్ పెట్టె పట్టుకొచ్చాడు. స్టోర్ కట్టేసి బాగా పొద్దుపోయాక ఒంటరిగా ఇంటికొచ్చే మనిషి. పర్మిట్ ఎప్పుడో తెచ్చుకున్నాడు, ఆయుధం ఇప్పుడు కొన్నాడు. జేబులో పట్టే ఐదు తూటాల .38. "ఒరేయ్, నువ్వు విమానం ఇంజన్ల భాగాలు కొలిచేవాడివి కదా, ఇది సరిగ్గా ఉందేమో చూసిపెట్టు" అన్నాడు. సిలిండర్ తెరిచి, ఐదు గదులూ ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాకే బల్లమీద పెట్టాను.

వెనకనుంచి చూస్తే చాలు, బ్యారెల్ చివరున్న ఫ్రంట్ సైట్ ఎడమకి ఒరిగి కనిపిస్తోంది. బ్యారెల్‌ని ఫ్రేములోకి మర బిగించేటప్పుడు సరైన చోట ఆపలేదు. దీపానికి ఎదురుగా పెట్టి సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు చూశాను. ఒక పక్క అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు, మా షాపు మాటలో నాలుగు థౌ. రెండో పక్క తొమ్మిది థౌ ఫీలర్ గేజ్ దూరిపోయింది. ఆ సందు ఉండితీరాలి. మరీ తక్కువైతే మసి పేరుకుని సిలిండర్ బిగుసుకుంటుంది, మరీ ఎక్కువైతే పక్కలనుంచి వేడి గ్యాసూ సీసపు తునకలూ చిమ్ముతాయి. నాలుగుకీ ఎనిమిదికీ మధ్య ఎంతున్నా నేను ఒప్పుకుంటాను. కానీ పక్కకో కొలత ఉందంటే బ్యారెల్ కొస వాలుగా కోశారన్నమాట.

బావకి కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. "ఇంతమంది చేతులు మారి నాదాకా వచ్చిందే, ఒక్కళ్ళూ చూళ్ళేదా?"

మార్చి 12, బుధవారం

లంచ్ దగ్గర మా పెద్ద టూల్‌మేకర్ నేరమంతా ఎమ్‌ఐఎమ్ మీద, అంటే మెటల్ ఇంజెక్షన్ మోల్డింగ్ మీద వేశాడు. పాత తుపాకుల్ని ప్రేమించేవాళ్ళందరిదీ ఇదే మాట. మెత్తని లోహపు పొడిని మైనంతో, ప్లాస్టిక్‌తో కలిపి అచ్చులోకి ఎక్కిస్తారు. తర్వాత ఆ బంధకాన్ని తీసేసి కొలిమిలో కాలుస్తారు. ఆవంలో కుండ ముడుచుకున్నట్టు ఆ ముక్క కూడా ముడుచుకుంటుంది, ఇంచుమించు ఆరోవంతు. ఆ లెక్క ముందే అచ్చులో ఉంటుంది. పళ్ళకి వేసే బ్రాకెట్లూ, సర్జన్ల పరికరాల్లో భాగాలూ ఇలా తయారవుతున్నవే. సరిగ్గా కాలని ముక్కలో బోలు మిగిలితే అది విరుగుతుంది, నిజమే. సాంద్రత కొలిచి, నమూనాలు కోసి చూసేవాడుంటే ఆ ముక్క గడప దాటదు. పద్ధతిని తిట్టడం నాకు నచ్చదు.

అసలు తేడా ఇంకోచోట ఉంది. 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ రివాల్వర్ తెచ్చినప్పుడు ఫిట్టర్ ఆకురాయి పట్టుకుని ఒక్కో తుపాకికీ భాగాలు కుదిర్చేవాడు. ట్రిగ్గర్ లాగుతుంటే ప్రతి గదీ బ్యారెల్ ఎదుటికి వచ్చి తాళం పడాలి. అది పడేదాకా అతని పని తెమలదు. అంటే తనిఖీ ఆ పనిలోనే ఇమిడి ఉండేది. ఇప్పుడు సీఎన్‌సీ యంత్రాలు ఆ ఫిట్టర్ కలలో కూడా ఊహించనంత సమంగా కోస్తున్నాయి, భాగాలు చాలామటుకు నేరుగా కూర్చుంటున్నాయి. ఆకురాయి పోయింది, దానితోపాటు ఆ చూపూ పోయింది. దాని స్థానంలో వేరే మనిషిని, వేరే గేజ్‌ని పెట్టాలి. అక్కడే ఖర్చు మిగుల్చుకుంటున్నారు.

రూగర్ 2009లో ఎల్‌సీఆర్ అనే రివాల్వర్ తెచ్చింది. లోపలి యంత్రాంగాన్ని పాలిమర్ గూటిలో పెట్టి, ట్రిగ్గర్ బరువు మెత్తగా పెరిగేలా కామ్ ఆకారాన్నే మార్చారు. పాతకాలపు నునుపుని చేతిపని లేకుండానే రాబట్టిన ఆలోచన అది. ప్లాస్టిక్ అని చాలామంది మొహం చిట్లించారు, నేను మాత్రం మెచ్చుకుంటాను.

మార్చి 15, శనివారం

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ మ్యూజియానికి వెళ్ళాను, కారులో అరగంట దారి. 1794 నుంచి 1968 దాకా సైన్యానికి తుపాకులు చేసిన చోటు. ఏ ముక్క తీసి ఏ తుపాకిలో పెట్టినా సరిపోవాలన్న పట్టుదలతో ప్రతి భాగానికీ గేజ్‌లు చేసి కూర్చున్నది ఈ చుట్టుపక్కలవాళ్ళే. పాత రైఫిళ్ళ కర్రమీద చిన్న ముద్రలో తనిఖీ చేసినవాడి పేరు పొడి అక్షరాలున్నాయి. ఆ ముద్రల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తప్పుంటే ఎవర్ని అడగాలో ఆ కర్రమీదే ఉంది.

మార్చి 22, శనివారం

1972లో ఈ దేశంలో వినియోగ వస్తువుల భద్రతకి కమిషన్ పెడుతూ చట్టం చేశారు. టోస్టర్‌నైనా పసిపిల్లల ఉయ్యాలనైనా లోపముంటే వెనక్కి తీసుకోమని చెప్పగల కమిషన్ అది. తుపాకుల్ని మాత్రం ఆ చట్టం పరిధినుంచి తప్పించారు. లోపమున్న రివాల్వర్ని వెనక్కి పిలవాలా వద్దా అన్నది చేసినవాడి ఇష్టం, లేదా కోర్టు కేసుల భయం. బ్రిటన్‌లో ప్రూఫ్ హౌస్ అనే పరీక్షాశాల ముద్ర లేని తుపాకి అమ్మడం నేరం. బర్మింగ్‌హామ్‌లోది 1813 నుంచీ నడుస్తోంది. ఆ పరీక్ష ముఖ్యంగా బలాన్ని చూసేదే, కానీ బయటివాడి చేతిలో ఒక్కసారైనా పడుతుంది. ఇక్కడ తయారీదారుల సంఘం సామీ పెట్టిన ప్రమాణాలున్నాయి, పాటించడం స్వచ్ఛందం.

జేబు రివాల్వర్‌కి ఈ పట్టింపు ఇంకా ఎక్కువ కావాలి. నాలుగొందల గ్రాములకి అటూ ఇటూ బరువున్న దాంట్లో కుదుపు తీవ్రంగా ఉంటుంది. గట్టిగా నొక్కని తూటా అయితే ఆ కుదుపుకి గుండు ముందుకి జరిగి, సిలిండర్ని తిరగనివ్వకుండా ఆపేస్తుంది. బావ దాన్ని సరదాకి కొనుక్కోలేదు. అది పనిచెయ్యాల్సిన క్షణమంటూ వస్తే రెండో అవకాశం ఉండదు.

ఏప్రిల్ 6, ఆదివారం

బాగుచెయ్యమని పంపిన బావ రివాల్వర్ ఫ్యాక్టరీనుంచి తిరిగొచ్చింది. బ్యారెల్ నిటారుగా ఉంది, సందు రెండు పక్కలా ఆరు థౌ. చక్కగా చేశారు, అంటే చెయ్యగలరు. పెట్టెలోని కాగితంమీద మాత్రం "రిపేర్ అయింది" అన్న ముక్క తప్ప ఏం తేడా ఉందో, ఎవరు కొలిచారో లేదు.

బావకి చెప్పాను: "ఇంకెవరైనా కొంటామంటే కౌంటర్ దగ్గరే తెరిపించి, ఖాళీ అని చూసుకుని, సైట్ ఒరిగిందా, సందు సమంగా ఉందా అన్నవి చూసుకోమను. డబ్బు కట్టకముందే." కొనేవాడికి ఈ పని పెట్టడం అన్యాయమే. ప్రతి రివాల్వర్‌తోనూ దాని కొలతల కాగితం, కొలిచినవాడి సంతకం రావాలి. మా షాపునుంచి వెళ్ళే ఇంజన్ భాగాలకి ఆ కాగితం లేకపోతే కొనేవాడు లారీ దింపనివ్వడు.