ఒకే రూపు, రెండు తుపాకులు

ఆడుది తుపాకులను గూర్చి వ్రాయుటేమని ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో! అనంతపురపు మెట్టసీమలో పుట్టిన నాకు తుపాకి క్రొత్త వస్తువు కాదు. అచ్చట ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు కురిసిన నాడే నమ్మకము. వేరుసెనగ పండుట యొక గండము, పండినదానిని అడవిపందుల వాత బడకుండ కాచుకొనుట మఱియొక గండము. అందుకే కాబోలు, పైరు కాపుదలకై గొట్టపు మూతినుండి మందు కూరెడి తుపాకిని 1959 నాటి ఆయుధచట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది.

మా తాతకు అట్టిది యొకటి లైసెన్సుతో నుండెడిది. ఒక రాత్రి మంచెమీదనుండి ఆయన కాల్చిన గుండు గుఱి తప్పి పంది తుంటిని గీసికొని పోయెను. గాయపడిన పంది, క్రింద బ్యాటరీదీపము పట్టుకొని నిలిచిన మా నాయనపై బడి కోఱతో తొడ చీల్చెను. నాయన బ్రదికెను గాని కడవఱకు కుంటుచునే నడిచెను. తాత మరల తుపాకి ముట్టలేదు. "గొట్టము వదులు, గుండు లోపల గలగలలాడింది" అని ఆయన యనెడివాడు. "మందు కొలవకుండా చేతికందినంత పోసినావు" అని జేజి యనెడిది. ఆ వ్యాజ్యెము తీరకయే వారిద్దఱును పోయిరి.

గతసంవత్సరము అమెరికాలో టెక్ససునందున్న మా తమ్ముని యింటికి పోయితిని. పాతకాలపు నల్లమందు రివాల్వరుతో గుఱి కాల్చుట వాని సరదా. 1858 నాటి పేటెంటు పేర పిలువబడు రెమింగ్టను రివాల్వరుకు ఇటలీలోని బ్రెషియా ప్రాంతమున నకళ్లు చేయుదురు. అందు సాధారణపు రకము వేఱు, పందెపు రకము వేఱు. వానిది సాధారణము. స్నేహితుని పందెపుదానిని తెచ్చి ప్రక్కన బెట్టగా కవలలవలె నుండెను. ధరలో మాత్రము చాల అంతరము.

ఒక్కొక్క గదిలో మందు కొలిచి పోయవలెను. గదికంటె రవంత పెద్దదగు సీసపుగుండును పైనుంచి మీటతో నొక్కగా, అంచున సీసము సన్నని యుంగరమువలె తెగి పడును. పైన కొవ్వు మెత్తి, వెనుక చిన్న రాగిటోపీ తొడుగుదురు. ఇట్లు ఆఱు గదులకును! పని ముగిసిన పిదప వేడినీళ్లతో కడుగుట చూచినచో మనకు మాడిన పాలగిన్నెయే నయమనిపించును.

ఇసుకమూటపై ఆనించి 25 గజముల దూరమున కాల్చి చూపెను. వానిదాని గుండ్లు అఱచేయంత మేర చెదరెను. రెండవదానివి గాజులో నిమిడెను. కారణమడిగితిని. సాధారణపు దానిలో తఱచుగా గది వ్యాసము గొట్టములోని గాడుల వ్యాసముకంటె తక్కువట. గదిలో చిక్కిన గుండు గొట్టములోనికి వచ్చుసరికి వదులై, మెలిగాడులను గట్టిగా పట్టి తిరుగదు. పందెపుదానిలో రెండును సరిపోవునట్లు తొలుతురు. ట్రిగ్గరు తేలిక, ముందరి గుఱిముల్లు సరిచేసికొనవచ్చును.

గొట్టము వదులనగానే నా గుండె ఝల్లుమనెను. నాయన బండిమీదనుండి పడెనని వానికి చెప్పి పెంచితిమి. ఆనాడు ఉన్నదున్నట్లు చెప్పితిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిదప అపాయము లేని హద్దులోనే, పందెపు తుపాకిలో ఒక గదికి మందు తక్కువ, ఒక గదికి కొంచె మెక్కువ పోసి కాల్చెను. గుండ్లు క్రిందుమీదుగా చెదరెను.

"జేజి మాటా నిజమే అక్కా" అనెను.

ఆ పందెములలో 30 నిమిషములకు 13 గుండ్లు కాల్చి, మేలైన 10 లెక్కింతురట. అందు నిలువ గోరువారికి ఖరీదైనది కావలెను గాని, మా వానికి ఇంకను ఉన్నదే చాలునని నా యభిప్రాయము. కొలత ముందు కుదరవలెను. నేర్పరియగు పనివానిచేత గదులను తొలిపించుకొనవచ్చును. వాడు నా మాట వినలేదు, కొనెను!

ఫోనులో అమ్మతో చెప్పగా, "పందులు లేని దేశంలో అంత గుఱి దేనికిరా?" అని నవ్వెను.

"ఇక్కడా అడవిపందులున్నాయమ్మా" అని వాడనెను.

అమ్మ నవ్వు ఆగిపోయెను. కొంతసేపటికి, "అట్లయితే నువ్వు మంచె దిగాకు నాయనా" అనెను.