సండూరు ఎర్రకొండల్లో ఒక రోజు

బళ్ళారి అనగానే మన పాఠకులకు మొదట జ్ఞాపకం వచ్చేది ఎండ. ఆ తరువాత బండలు. మూడవది ఎర్రదుమ్ము. ఈ మూడింటి మధ్య పుట్టి పెరిగి, ఇక్కడే ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని మరికొన్ని ఎర్రకొండలు చూడబోవాలన్న కోరిక ఏనాడూ కలగలేదు. ఆ కోరిక కలిగినది మా అమ్మాయికి.

తొమ్మిదవ తరగతి పిల్ల. మూడు రకాల రాళ్ళు తెచ్చి, అవి ఎక్కడ దొరికాయో, వాటి గుణాలేమిటో రాసి ఇమ్మని బడిలో చెప్పారట. నేను సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దారిలో మూడు కంకర రాళ్ళు ఏరి తెచ్చి ఇచ్చాను. "ఇవి మూడూ ఒక్కటే రాయి నాన్నా" అని తిరిగి నా చేతిలోనే పెట్టింది. పక్కన కూర్చుని జొన్నలు చెరుగుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "దాన్ని సండూరికి పిల్చుకపోరా. రాళ్ళు నేను చూపిస్తా" అన్నది.

ఆ మాటకు నా గుండె కలుక్కుమన్నది. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం తెల్లవారుజామున ఒక వాహనం మాట్లాడుకొని బయలుదేరాము. అమ్మ, నేను, నా భార్య, అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి, పండుగకు అనంతపురం వైపు నుంచి వచ్చిన మా మామగారు. మామగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఎక్కడికి వెళ్ళినా చరిత్ర చెప్పనిదే ఊరుకోరు. నా భార్య జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకొన్నది. నీళ్ళ బిందె ఎక్కించిన తరువాతనే అమ్మ బండి ఎక్కింది.

బళ్ళారి నుంచి తోరణగల్లు మీదుగా సండూరు సుమారు 60 కిలోమీటర్లు. కుడితిని దగ్గర మామగారు తమ పాఠం మొదలుపెట్టారు. అక్కడ ఒక బూడిద దిబ్బ ఉన్నది. రాక్షసుని బూడిద అని జనం చెప్పుకునేవారు. నిజానికి నాలుగు వేల ఏళ్ళకు పూర్వం ఇక్కడ పశువులు మేపుకొన్నవారు పేడను కుప్పవేసి మళ్ళీ మళ్ళీ కాల్చగా మిగిలినది అది. "రాజుల కంటే ముందు పశువుల కాపరులే ఈ సీమను ఏలినారు" అన్నారు మామగారు. మా అబ్బాయి మాత్రం రాక్షసుడే నయమన్నాడు.

తోరణగల్లులో ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు చూసి దక్షిణానికి తిరిగాము. అక్కడి నుంచి నేల రంగు మారుతూ వచ్చింది. మొదట ఇటుక రంగు, తరువాత కుంకుమ రంగు. దారి పక్క చెట్ల ఆకులు కూడా ఎర్రబారి ఉన్నవి. లారీ ఒకటి ఎదురుగా వచ్చి పోయేసరికి మేమందరము హోళీ ఆడినవారిలా అయినాము.

సండూరు చుట్టూ కొండల వరుసలు, మధ్య ఒక గిన్నెవంటి లోయ. నారిహళ్ళ అనే వాగు ఓబళగండి, భీమగండి అనే రెండు గండ్లలో కొండలను చీల్చుకొని పోతుంది. బళ్ళారి మోడు బండలు చూసి అలవాటైన కంటికి, వానలు వెలిసిన తరువాత ఈ కొండలు ఆశ్చర్యం కలిగిస్తాయి. పైన పచ్చని గడ్డి, తెగిన చోటల్లా ఎరుపు. ఘోర్పడే వంశపు రాజులు ఏలిన ఈ చిన్న సంస్థానం 1949లో ఇండియాలో విలీనమై బళ్ళారి జిల్లాలో కలిసింది. 1953లో జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకు పోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు మిగిలాయి. మనవంటి వారు ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడుతూ రెండింటికీ సొంతవారమై ఉన్నాము.

ముందుగా కుమారస్వామి కొండకు పోయినాము. అక్కడ తల్లి పార్వతికీ, కొడుకు కుమారస్వామికీ పక్కపక్కనే గుళ్ళు. పార్వతి గుడి బాదామి చాళుక్యుల నాటి రీతిలో కట్టినది. 1932లోనే ఈ సంస్థానంలో కుమారస్వామి గుడి తలుపులు హరిజనులకు తెరిచారని, తిరువాన్కూరు ప్రకటన వచ్చింది 1936లో గదా అని మామగారు గర్వంగా చెప్పారు. అయితే ఆడవారు కుమారస్వామి దర్శనం చేసుకోకపోవడం అక్కడి పాత ఆచారం. తల్లి మీద అలిగిన కుమారస్వామి, తాగిన చనుబాలు కక్కివేసి, ఇక స్త్రీ ముఖం చూడనన్నాడని స్థలపురాణం.

మేము దర్శనం చేసుకొని వచ్చేసరికి అమ్మ, నా భార్య, అమ్మాయి పార్వతి గుడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఇదేమి న్యాయం అవ్వా?" అని అమ్మాయి అడుగుతున్నది. "కొడుకు అలిగితే తల్లి ఏం చేస్తుందే? పక్కనే గుడి కట్టుకొని కూర్చుంటుంది" అన్నది అమ్మ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తిరుగుదారిలో గనుల కంచెలకు దూరంగా, బాట పక్కన బండి ఆపించింది అమ్మ. వంగి రెండు రాళ్ళు ఏరింది. ఒకటి మామూలు రాయి, ఒకటి ముదురు రంగు రాయి. రెండూ ఒకే పరిమాణం. "రెండు చేతులా పట్టుకో" అని అమ్మాయికి ఇచ్చింది. ముదురు రాయి ఉన్న చేయి కిందికి వాలిపోయింది. ఇనుప రాయి మామూలు రాయికి దాదాపు రెండింతల బరువు. తరువాత దానిని తెల్ల పలుగురాయి మీద గీసింది. ఎర్రని గీత పడింది. "ఎర్ర గీత పడితే ఇనుము. నల్ల గీత పడితే మాంగనీసు. కంటితో చూస్తే మోసపోతాం, గీత మోసం చేయదు" అన్నది. మూడవదిగా ఎరుపు, బూడిద రంగు చారలున్న రాయిని చూపి, "ఇందులో ఇనుము తక్కువ. దీన్ని మేము తీసి పారేసేవాళ్ళం" అన్నది.

"మేము" అన్న మాట దగ్గర మామగారు తల తిప్పి చూశారు.

పాఠకులారా, నా పెళ్ళి మాటల్లో మాకు పల్లెలో పొలం ఉండేదని, అమ్మ ఇంటిపట్టునే ఉండేదని నేను చెప్పాను. అది అబద్ధం. నాకు అయిదేళ్ళప్పుడు నాయన పోయినాడు. అమ్మ ఈ కొండలకు వచ్చి, యంత్రాలు అంతగా లేని ఆ రోజుల్లో, సుత్తెతో ఇనుప రాళ్ళు పగలగొట్టి, మంచిది చెడ్డది ఏరి, గంపతో మోసింది. కుప్ప లెక్కన కూలి. నేను బళ్ళారిలో హాస్టలులో ఉండి చదువుకొన్నాను. సెలవుల్లో వచ్చినప్పుడు సాయంత్రం తల నుంచి కాలి దాకా ఎర్రగా ఇల్లు చేరే ఆమెను చూసి దూరం జరిగేవాణ్ణి. నా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రుసుము ఆ రాళ్ళ డబ్బే. ఉద్యోగం దొరికినాక ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచాను. అమ్మ నా మాట కాదనలేదు. ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు.

"చెల్లెమ్మా, ఎన్నేళ్ళు చేశావు ఈ పని?" అని అడిగారు మామగారు.

"పన్నెండేళ్ళు అన్నా. వీడి చదువు అయ్యేదాకా."

మామగారు నా వైపు తిరిగారు. "ఈ సంగతి ఆనాడే చెప్పి ఉంటే పిల్లనివ్వనని భయపడ్డావా, నాయనా? ఇంకా ముందే ఇచ్చి ఉండేవాణ్ణి" అన్నారు. నా భార్య ఏమీ అనక అమ్మ చేతిలోని రాయి అందుకొన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చెట్టు కింద రొట్టెలు తిన్నాము. ఈ కొండల రాతి చారలు సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకొన్నవని మామగారు పిల్లలకు చెప్పారు. ఆనాటి నుంచి దాగి ఉన్న ఇనుము కోసం మొన్నమొన్న ఎంత తొందర జరిగిందో మనకు తెలుసు. కొండలు తరిగిపోయి, 2011లో సుప్రీం కోర్టు జిల్లాలో తవ్వకాలు నిలిపివేసింది. తరువాత షరతుల మీద మళ్ళీ అనుమతించింది. "మేము సుత్తెతో కొట్టితే కొండకు తెలిసేది కాదు" అన్నది అమ్మ.

చీకటి పడేసరికి ఇల్లు చేరాము. ఆ రాత్రి అమ్మాయి రాసిన కాగితం చదివాను. "రాయి: హెమటైటు. దొరికిన చోటు: సండూరు. గుణం: బరువు ఎక్కువ, ఎర్ర గీత. చూపినవారు: మా అవ్వ, గనిలో పన్నెండేళ్ళు రాళ్ళు ఏరినది." ఆ చివరి మాట ఉంచనా, తీసేయనా అని నన్ను అడిగింది. ఉంచమన్నాను. మన సంఘంలో నన్ను ఎరిగినవారు చాలామంది ఉన్నారు గనుక ఇక్కడ కూడా దానిని ఉంచుతున్నాను.

సండూరు చూడదలచినవారు వానలు వెలిసిన తరువాత, తెల్లవారుజామున బయలుదేరండి. నీళ్ళు తీసుకొని వెళ్ళండి. లారీల బాట గనుక రాత్రి ప్రయాణం వద్దు. గనుల హద్దులు దాటవద్దు. ఇంట్లో పెద్దవారుంటే తప్పక వెంటబెట్టుకొని వెళ్ళండి. దారి వారికే బాగా తెలుసు.