వేలిదా తప్పు, మీటదా?

మన ఇళ్ళల్లో తుపాకి మాట వస్తే అది దీపావళి బొమ్మ తుపాకి గురించో, సినిమా గురించో అయివుంటుంది. మూడు తరాలుగా చెన్నపట్నంలో కాపురముంటున్న మా ఇంటా అంతే. అటువంటిది కాలేజీలో చేరిన యేడే మా అమ్మాయి "ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటాను నాన్నా" అన్నది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనేననీ, 2012లో లండనులో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ పుట్టింది మన ఊళ్ళోనే, పెరిగింది హైదరాబాదులోననీ చెప్పి, వాళ్ళమ్మను కూడా ఒప్పించింది. మేము సరేనన్నాము.

చూడబోతే ఇది బలంతో ఆడే ఆట కాదు. గురి పది మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. భుజం దగ్గరనుంచి మూతి దాకా తుపాకి సుమారు మీటరు పొడుగనుకోండి. మూతి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే అక్కడ గుండు పది మిల్లీమీటర్లు తప్పిపోతుంది. కనుక గురి చూడడం సగం పనే. ఆ గురి చెదరకుండా మీట నొక్కడం తక్కిన సగం.

ఈ రెండో సగమే మా పిల్లకు కొరుకుడు పడలేదు. ఆరు నెలలు గడిచినా గుండ్లు చెల్లాచెదరుగానే పడేవి. క్లబ్బులో నేర్పేవారు "వేలు వణుకుతున్నది, మనసు నిలవడం లేదు" అనేవారు. పిల్ల ఆ మాటే నమ్మింది. ఒక రాత్రి అన్నం ముందునుంచి లేచిపోయి "నా చేతికి ఈ విద్య రాదు, మానేస్తాను" అన్నది.

మా వీధిలో సైన్యంలో తుపాకులు బాగుచేసి, పింఛను పుచ్చుకుంటున్న తమిళ పెద్దమనిషి ఒకరున్నారు. క్లబ్బువారి అనుమతితో ఆయనను తీసుకువెళ్ళాము. ఆయన తుపాకిలో గుండు లేదని రెండుసార్లు చూసుకొని, కళ్ళు మూసుకొని మీటను పదిసార్లు నొక్కి చూశారు. "వేలు బాగానే ఉందమ్మా. మీటలోనే ఇసుక పడ్డట్టుంది" అన్నారు.

తరువాత విప్పి చూపించారు. మీట మొదట కొంతదూరం మెత్తగా రావాలట. అక్కడ ఒక అడ్డు వేలికి తెలియాలి. దానిమీద ఇంకాస్త ఒత్తితే ఎండు చీపురుపుల్ల విరిగినట్టు పుటుక్కున వదలాలి. ఈ తుపాకిలో పాత గ్రీజు దుమ్ముతో గట్టిపడి, మీట ఆగి ఆగి కదులుతున్నది. మీట తిరిగే పిన్ను అరిగి, అది పక్కలకు ఊగుతున్నది. వదిలిన తరువాత కూడా మీట వెనక్కి పరుగెత్తి తుపాకిని కుదుపుతున్నది. ఆయన గ్రీజు కడిగారు, పిన్ను మార్చారు, సూదిమొనతో ఒక్క చుక్క నూనె వేసి తుడిచారు, మీటను ఆపే మరను సరిచేశారు.

"కొక్కేన్ని కూడా కాస్త ఆకురాయితో రాస్తే ఇంకా నునుపెక్కదా తాతగారూ?" అని మా అమ్మాయి అడిగింది.

"వద్దమ్మా! ఆ ఉక్కుకు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అది పోతే లోపలి మెత్తని లోహం అరిగి కొక్కెం జారుతుంది. అప్పుడు వేలు పెట్టకుండానే, చిన్న దెబ్బ తగిలితే పేలుతుంది. రాపిడి తీయాలి గాని పట్టు తీయకూడదు" అన్నారాయన. అన్నీ బిగించాక, గుండు లేకుండానే, తుపాకి మడమను అరచేతితో నాలుగైదుసార్లు తట్టి, కొక్కెం జారడం లేదని చూసుకున్న తరువాతే ఆమె చేతికిచ్చారు.

మరునాటినుంచే పతకాలు వచ్చాయని చెప్పబోవడం లేదు. గుండ్లు కొంత దగ్గరదగ్గరగా పడ్డాయి. కొన్ని అప్పుడూ తప్పాయి. కాని "ఇప్పుడు తప్పినవి నావే నాన్నా, దిద్దుకుంటాను" అని ఇంటికొచ్చి కడుపునిండా తిన్నది. క్లబ్బువారు తక్కిన తుపాకులు కూడా ఆ పెద్దాయనచేత చూపించుకున్నారు.

మన సభ్యుల పిల్లలు కూడా కొందరు ఈ ఆటలో చేరుతున్నారని విన్నాము. పిల్ల వేలిని అనేముందు తుపాకి మీటను తెలిసినవారిచేత ఒకసారి చూపించండి. ఇంట్లో స్క్రూడ్రైవరుతో మాత్రం విప్పకండి.