పక్కవాద్యం

స్వీడనులో 1958లో ఆర్నే లార్సన్ అనే ఆయన దేహంలో మొట్టమొదటిసారి పేస్‌మేకరు అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన యంత్రం మీద యంత్రం, మొత్తం 26 మార్చుకుంటూ, 2001 దాకా, 86 యేళ్ళు బతికారు.

నాది ఇంకా మొదటి యంత్రమే. గుండె వెనకబడితే తాళం అందిస్తుంది. సరిగా కొట్టుకుంటే వూరుకుంటుంది. మంచి పక్కవాద్యమన్నమాట.

దానితో విశాఖ బీచిరోడ్డుమీద 5 కిలోమీటర్ల పందేనికి పేరిచ్చాను. డాక్టరుగారు ట్రెడ్‌మిల్లు మీద పరీక్షించి, “వెళ్ళండి. గెలవాలని మాత్రం చూడకండి” అన్నారు. ముందురాత్రి మా యింట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు.

మొదటి కిలోమీటరంతా నా చెవులు గుండెమీదనే వున్నవి. వొంటి కదలికను కనిపెట్టి యంత్రం వేగం పెంచుతుందన్నారు. నిజమే, కాని కాళ్ళు కదిలిన తరువాతనే! ముందడుగు మనమే వెయ్యాలి. అది తెలిశాక భయం కొంచెం వెనకబడింది. ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడు నన్ను దాటిపోయాడు. ఆ వెనకనే వాళ్ళ తాతగారు కూడాను.

47 నిమిషాలకు గీత దాటాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకున్నది. నాడి లెక్కపెడుతున్నదనుకున్నాను. కాదు, వూరికే పట్టుకున్నది. కాసేపటికి, “కాఫీ తాగుదామా?” అన్నది.